మీకు తెలుసా? చలికి సైకిలు ఆగదు

ఫిన్లాండ్ ఉత్తరాన ఔలు అని ఒక నగరం ఉంది. జనాభా రెండు లక్షల పైచిలుకు. ఆర్కిటిక్ వలయం అక్కడికి 170 కిలోమీటర్ల దూరమే. డిసెంబరు నెలాఖరులో సూర్యుడు కనిపించేది మూడున్నర గంటలు. ఆ ఊళ్లో మెట్సోకంగాస్ అనే బడిలో దాదాపు 1,200 మంది పిల్లలు చదువుతారు. ఒకరోజు మైనస్ 17 డిగ్రీల చలిలో వాళ్లలో వెయ్యిమంది దాకా సైకిళ్ల మీద బడికొచ్చారు. బడి ముందు మంచులో బారులు తీరిన ఆ సైకిళ్ల ఫొటో కొన్నేళ్ల కిందట ప్రపంచమంతా చుట్టొచ్చింది. మిగిలిన పిల్లల్లో కొందరు నడిచి, కొందరు స్కీల మీద వచ్చారు. కారులోంచి దిగినవాళ్లు కొద్దిమందే.

మన దగ్గర పది డిగ్రీలకు పడితే చాలు, పేపర్లలో 'చలి పంజా' అని పెద్దక్షరాలు. సైకిలు గోడకు ఆనించేసి, సంక్రాంతి వెళ్లాక చూద్దాం అనుకుంటాం. మరి ఆ పిల్లలు ఎలా తొక్కుతున్నారు? వాళ్ల ఒళ్లేమీ వేరే మట్టితో చేసింది కాదు. రహస్యం రోడ్డులో ఉంది. ఔలులో సైకిలు దారులు 900 కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. రాత్రి మంచు పడితే జనం నిద్ర లేచి బయటపడే వేళకే ముఖ్యమైన దారులన్నిటి మీదా మంచు తోయించేస్తారు. అక్కడ ఉప్పు పెద్దగా చల్లరు. మంచును గట్టిగా అణగ్గొట్టి, పైన గరుకు గీతలు పడేలా చదును చేస్తారు. ఉప్పు చల్లితే మంచు సగం కరిగి బురద బురదగా తయారవుతుంది. సైకిలు చక్రానికి అసలు శత్రువు ఆ చిత్తడే. గట్టిపడ్డ పొడిమంచు మీద మామూలు టైరు కూడా బాగానే పట్టు దొరకబుచ్చుకుంటుంది.

ఇంకో తమాషా ఉంది. మంచు కప్పేస్తే రోడ్డు మీద గీసిన సైకిలు గుర్తులు కనపడవు కదా! అందుకని కొన్నిచోట్ల దీపస్తంభం నుంచి ఆ గుర్తును వెలుగు రూపంలో మంచు మీదికి ప్రసరింపజేస్తారు. నేల మీద రంగు లేకపోయినా సైకిలు బొమ్మ వెలుగుతూ ఉంటుంది.

చలికాలంలో సైకిలు తొక్కడం మీద అంతర్జాతీయ సదస్సు ఒకటి జరుగుతుందంటే నమ్ముతారా? మొదటిది 2013లో ఈ ఔలులోనే పెట్టారు. తర్వాత విన్నిపెగ్, మిన్నియాపొలిస్, మాంట్రియల్, మాస్కో, కాల్గరీ, అన్నీ గడ్డకట్టే ఊళ్లే దానికి ఆతిథ్యమిచ్చాయి. మంచు మాట ఎరగని ఊరు పిలిచినా ఎవరూ వెళ్లరనుకుంటాను.

ముందు సైకిలుకి, తర్వాత కారుకి

కోపెన్‌హాగెన్‌లో మంచు పడితే ముఖ్యమైన సైకిలు దారులు శుభ్రం చేసే పని కార్ల రోడ్లకంటే ముందు మొదలవుతుంది. స్వీడన్‌లోని లింషోపింగ్ ఊరువాళ్లది ఇంకో పద్ధతి. పార బిగించిన ట్రాక్టరు గీకేస్తే నేలకు అంటుకుని ఒక పలచని పొర ఎలాగూ మిగిలిపోతుంది, రాత్రికి అదే గాజులా బిగుసుకుంటుంది. వాళ్లు పార బదులు గుండ్రంగా తిరిగే పెద్ద చీపురు పెట్టారు. అది మంచును తారు కనపడేదాకా ఊడ్చేస్తుంది, వెనకాలే ఉప్పునీళ్లు చిలకరిస్తారు. ఆ తర్వాత స్టాక్‌హోమ్ కూడా ఇదే బాట పట్టింది.

మాంట్రియల్‌లో అద్దె సైకిళ్లు నడిపే బిక్సీ సంస్థ ఏళ్లతరబడి చలికాలం రాగానే సైకిళ్లన్నీ సర్దేసి గోదాముకు చేర్చేది. 2023 చలికాలంలో మొదటిసారి కొన్నింటిని బయటే ఉంచి చూసింది, మేకుల టైర్లు వేసి మరీ.

టైరుకు మేకులు

పంక్చరు చేసేది మేకే కదా, టైరుకు మేకులేమిటి? వీటి మొన బయటికి తిరిగి ఉంటుంది. రబ్బరు గుబ్బల్లో వందల సంఖ్యలో చిన్న లోహపు మొనలు బిగించి ఉంటాయి. టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేస్తారు, ఉక్కయితే తారురోడ్డు మీద వారాల్లో అరిగిపోతుంది. కొత్త టైరు వేశాక మొదటి 40 కిలోమీటర్లు గట్టిగా బ్రేకులు వేయకుండా మామూలు రోడ్డు మీద నెమ్మదిగా తొక్కమని తయారీదార్లు చెబుతారు. మొనలు రబ్బరులో కుదురుకోవాలి. ఆ టైరు తారు మీద నడుస్తుంటే చిరచిరమని ఆగకుండా చప్పుడు చేస్తుంది. దానితో బెల్లు అవసరం తీరిపోతుందని వాడేవాళ్ల వేళాకోళం.

రెండు టైర్లకు డబ్బు చాలకపోతే ఒక్కటే కొనండి, అది ముందు చక్రానికి వేయండి. వెనక చక్రం జారితే సైకిలు వంకర తిరుగుతుంది, కాలు కింద పెట్టి నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రం జారితే ఆ వ్యవధి కూడా ఉండదు, తేరుకునేసరికి నేల మీద ఉంటాం. టొరంటోలోనో మిన్నియాపొలిస్‌లోనో ఉంటున్న మన పిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ మాట చేరవేయొచ్చు. మిన్నియాపొలిస్‌లో ఉన్నవాళ్లకైతే పాత రైలు దారిని సైకిలు బాటగా మార్చిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే ఉంది. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, చలికాలంలోనూ మంచు తీసేస్తూ ఉంటారు.

మేకులు గడ్డకట్టిన నేలకు. మెత్తటి మంచులో కూరుకుపోకుండా ఉండాలంటే ఇంకో ఉపాయం కావాలి. అలాస్కాలో 1980లలో కుక్కబండ్ల బాట మీద సైకిలు పందేలు మొదలయ్యాయి. మామూలు టైర్లు కాస్తా మంచును కోసుకుంటూ దిగబడిపోతుంటే, ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఒక సైకిలు షాపతను వెడల్పాటి రిమ్ములు తయారుచేశాడు. ఇంకొందరు రెండేసి రిమ్ములు పక్కపక్కన పెట్టి అతికించారు. ఆ తంటాలన్నిటి ఫలితంగా 2005లో సర్లీ కంపెనీ పగ్స్‌లీ అనే సైకిలు తెచ్చింది. టైరు వెడల్పు దాదాపు నాలుగంగుళాలు. మన ఊళ్లలో ఇప్పుడు పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటున్న లావు టైర్ల సైకిలు ఆ వంశానిదే. మంచు కోసం పుట్టింది, ఎండలో తిరుగుతోంది!

అందులో గాలి ఎంత కొడతారో చూడండి. కారు టైరులో 30 పీఎస్‌ఐ పైన ఉంటుంది. మెత్తటి మంచులో లావు టైరుకు నాలుగైదు చాలు. వేలితో నొక్కితే రిమ్ము తగులుతుంది. మన సైకిలు షాపులో అలా చూపిస్తే 'పంక్చరా అన్నా?' అని ట్యూబు బయటికి లాగేస్తారు.

బంగారం కోసం గడ్డకట్టిన నది మీద

ఈ సరంజామా ఏదీ లేని రోజుల్లో కూడా మంచులో సైకిలు తొక్కినవాళ్లున్నారు. 1900 ఫిబ్రవరి. కెనడాలోని డాసన్ నుంచి అలాస్కా తీరంలోని నోమ్‌కు, అక్కడ సముద్రపు ఇసుకలో బంగారం దొరుకుతోందని జనం పరుగులు పెడుతున్నారు. ఎడ్ జెసన్ అనే ఆయన కుక్కబండి బదులు సైకిలు ఎంచుకున్నాడు. కుక్కలకు తిండి మోసుకెళ్లాలి. సైకిలుకు ఆ బెడద లేదు. దూరం సుమారు వెయ్యి మైళ్లు, ఎక్కువ భాగం గడ్డకట్టిన యూకాన్ నది మీదే. కుక్కబండ్లు నడిచి నడిచి గట్టిపడ్డ సన్నటి గాడిలోనే చక్రం నిలపాలి. అందులోంచి తప్పితే మంచులో బోర్లా పడడమే. చలికి బేరింగుల్లో నూనె గడ్డకట్టేది, టైర్ల రబ్బరు కర్రలా బిర్రబిగిసేది. అయినా దాదాపు ఐదు వారాల్లో నోమ్ చేరాడు.

అదే ఏడాది అదే దారిలో బయల్దేరిన మాక్స్ హిర్ష్‌బర్గ్ అనే కుర్రాడికి చివర్లో సైకిలు చైను తెగిపోయింది. ముందు గడ్డకట్టిన సముద్రపు పాయ, వీపున గాలి. ఒంటి మీది కోటునే కర్ర సాయంతో తెరచాపగా చేసుకున్నాడు. గాలి తోస్తుంటే సైకిలు మీద కూర్చుని మంచు మీద సాగిపోయాడు. సైకిలు చరిత్రలో నాకు బాగా నచ్చిన మరమ్మతు ఇది.

దక్షిణ ధ్రువం కూడా వదల్లేదు. 1911లో ధ్రువ అన్వేషకుడు స్కాట్ బృందంతో వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త గ్రిఫిత్ టేలర్ అంటార్కిటికాలో ఒక సైకిలు పెట్టుకుని తొక్కి చూశాడు. ఖండం అంచు నుంచి ధ్రువం దాకా తొక్కుకుంటూ వెళ్లిన మొదటి మనిషి బ్రిటన్‌కు చెందిన మరియా లైయర్‌స్టామ్, 2013 డిసెంబరులో. మూడు చక్రాల బండి మీద, వెనక్కి ఆనుకుని కూర్చుని, పదకొండు రోజులు నిండకుండానే చేరింది. అక్కడ డిసెంబరంటే నడివేసవి, అదీ సంగతి.

కాళ్లకు చెమట, వేళ్లకు చలి

సైకిలు తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే తక్కువే పెడలుకు చేరుతుంది. తక్కినదంతా వేడిగా మారిపోతుంది. ఓ మాదిరి జోరుగా తొక్కే మనిషి ఐదారు వందల వాట్ల వేడి వెదజల్లుతుంటాడు, ఒక చిన్న రూమ్ హీటరంత. అందుకే చలిలో సైకిలెక్కినవాళ్లు సాధారణంగా పడే ఇబ్బంది చలి కాదు, చెమట. స్వెటరు మీద జర్కిను, తలకు మంకీ క్యాపు, మెడకు మఫ్లరు చుట్టుకుని బయల్దేరతారు. రెండో కిలోమీటరుకల్లా లోపల నూలు బనియను తడిసి ముద్దవుతుంది. నూలు తడిని పట్టుకుని వదలదు. టీ కొట్టు దగ్గర ఆగగానే ఆ తడి బనియనే ఒంట్లో వేడినంతా పీల్చేస్తుంది. మొదటి పది నిమిషాలు కాస్త వణుకుతూ ఉండేటట్టు బట్టలు వేసుకుంటే తర్వాత సరిపోతాయని మంచు దేశాల్లో అనుభవం ఉన్నవాళ్లంతా చెప్పే మాట. లోపల ఉన్ని గానీ, ఆటల బనియన్ల గుడ్డ గానీ, పైన గాలి ఆపే పలచటి కోటు. అంతే. మంకీ క్యాపు ఇంట్లో పెట్టేయండి, దాని మీద హెల్మెట్ కుదురుగా కూర్చోదు. చెవులు కప్పే పలచటి టోపీ చాలు.

వేళ్ల సంగతి వేరు. తొడలు పనిచేస్తుంటాయి, వేళ్లు హ్యాండిల్ పట్టుకుని ఊరికే ఉంటాయి. పైగా గాలికి ఎదురుగా మొదట ఉండేవి అవే. లోపలి అవయవాలను కాపాడుకోవడానికి శరీరం వేళ్లకు రక్తం తగ్గించేస్తుంది. బ్రేకు నొక్కాల్సినవీ ఆ వేళ్లే కాబట్టి ఇది అలంకారానికి సంబంధించిన విషయం కాదు. అలాస్కావాళ్లు హ్యాండిల్‌కే పెద్ద సంచుల్లాంటి తొడుగులు కట్టి అందులో చేతులు దూర్చేస్తారు. ఢిల్లీ, పంజాబుల్లో స్కూటర్ల హ్యాండిళ్లకు కనపడే రెగ్జిన్ తొడుగుల పని కూడా అదే.

గాలి లెక్క కూడా చూడాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీలుండి, మీరు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే చర్మానికి తెలిసేది మైనస్ 1 దరిదాపు. ఇది మనకు సంబంధం లేని లెక్కేం కాదు. నర్సీపట్నం నుంచి డౌనూరు ఘాట్ మీదుగా లంబసింగికి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లున్నారు. వెయ్యి మీటర్ల ఎత్తున, చలికాలం తెల్లవారుజామున సున్నా దగ్గరికి పడిపోయే ఊరు. ఎక్కేటప్పుడు ఏ చలీ తెలియదు, చెమటలు కక్కుతారు. దిగేటప్పుడు కాళ్లకు పనుండదు, వేడి పుట్టదు, తడిసిన బట్టల మీద గాలి కొడుతుంది. వణుకంతా ఆ దిగుడులోనే.

1988 జూన్‌లో ఇటలీలో జరిగిన జీరో అనే సైకిలు పందెంలో ఇదే జరిగింది. గావియా అనే కనుమ మీద మంచు తుపాను. పైకి చేరినవాళ్లకు కిందికి దిగడం నరకమైంది. దిగుతూ దిగుతూ కొందరు ఆగిపోయి, సహాయక కార్లలోకి ఎక్కి వేళ్లు కాచుకున్నారు. అమెరికాకు చెందిన ఆండీ హాంప్‌స్టన్ జట్టువాళ్లు వాతావరణం సంగతి ముందే పసిగట్టి, పొద్దున్నే స్కీ దుకాణంలో దొరికిన చేతితొడుగులు, టోపీలు కొని పైన సిద్ధంగా ఉంచారు. ఆ పూట నాయకుడి గులాబీ జెర్సీ అతనికి దక్కింది, చివరికి పందెం కూడా. జీరో గెలిచిన మొదటి అమెరికన్ అతనే.

స్కీ తొడుగులు లేనివాళ్లకు యూరప్ రేసర్ల పాత చిట్కా ఒకటుంది. కొండ మీదికి చేరగానే దారి పక్కన నిలబడ్డవాళ్ల దగ్గర దినపత్రిక తీసుకుని, మడిచి, జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకునేవారు. కాగితం మడతల మధ్య నిలిచే గాలి చలిని ఆపుతుంది, చెమటను కూడా కాస్త పీలుస్తుంది. లంబసింగి దిగేటప్పుడు ఇది నిక్షేపంగా పనిచేస్తుంది. ఆదివారం అనుబంధం అయితే ఇంకా మందం.

సైకిలుకూ చలి వేస్తుంది

25 డిగ్రీల మధ్యాహ్నం 60 పీఎస్‌ఐ గాలి కొట్టించారనుకోండి. తెల్లారి 5 డిగ్రీల చలిలో తీస్తే అది 55కు పడిపోయి ఉంటుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడి కుంచించుకుంది. వాల్వు లీకని షాపువాడితో గొడవ పెట్టుకోకండి.

గడ్డకట్టే దేశాల్లో ఇంకో ఉపద్రవం. వెనక చక్రం ఫ్రీవీల్లో చిన్న చిన్న కొక్కేలుంటాయి, పెడలు తొక్కినప్పుడు అవి పళ్లకు తగులుకుని చక్రాన్ని తిప్పుతాయి. చిక్కటి గ్రీజు చలికి బిగుసుకుపోతే ఆ కొక్కేలు లోపలే అతుక్కుపోతాయి. పెడళ్లు రెండువైపులా గిర్రున తిరుగుతాయి, సైకిలు మాత్రం కదలదు. అందుకే అక్కడ చలికాలానికి ముందు గ్రీజు కడిగేసి పలచటి నూనె వేస్తారు. బయట గడ్డకట్టిన సైకిలును వెచ్చటి గదిలోకి తెచ్చి, మళ్లీ బయట పెట్టడం కూడా మంచిది కాదు. లోపలికి తేగానే దాని మీద గాలిలోని తేమ చెమ్మగా పడుతుంది. అది బ్రేకు కేబుళ్లలోకి దిగి, బయటికెళ్లగానే గడ్డకడుతుంది.

నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోవడం అలాస్కా పందేల్లో అందరికీ తెలిసిన అలవాటు. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి. బోర్లిస్తే మంచుపొర అడుగువైపు చేరుతుంది, మూత తీస్తే నీళ్లు ఉంటాయి. మన చలికి నీళ్లు గడ్డకట్టవు కానీ తాగడం మాత్రం మరిచిపోతాం. చలిలో దాహం తెలియదు. చెమట ఆగదు, ఊపిరితో పోయే తేమా ఆగదు.

ఇంట్లో నిలబెట్టిన సైకిలు

బయట తొక్కలేనివాళ్లు లోపల తొక్కడం ఇవాళ మొదలైంది కాదు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలో కదలని సైకిళ్లుండేవి. ఎదురుగా గోడకు గడియారంలాంటి పెద్ద డయలు, ఎంత దూరం తొక్కారో ముల్లు చూపించేది. అంతకుముందే రోలర్లున్నాయి. వెనక చక్రం కింద రెండు గుండ్రటి దిమ్మలు, ముందు చక్రం కింద ఒకటి, వాటి మీద సైకిలు పెట్టి తొక్కడమే. పట్టుకునే ఆధారం ఏదీ ఉండదు. కాసేపు పరాకు పడితే గదిలోనే రోడ్డు ప్రమాదం.

న్యూయార్క్‌లో చార్లెస్ మర్ఫీ అనే రేసరు రోలర్ల మీద తెగ తొక్కేవాడు. గాలి అడ్డు లేకపోతే సైకిలు వేగానికి హద్దు లేదని వాదించేవాడు. జనం నవ్వారు. 1899 జూన్ 30న లాంగ్ ఐలాండ్‌లో రైలుపట్టాల మధ్య చెక్క పలకలు పరిపించి, రైలుపెట్టె వెనకాల గాలి తగలని చాటున తొక్కాడు. మైలు దూరం 57.8 సెకన్లలో. రైలు నెమ్మదించేసరికి పెట్టెలోని మనుషులు సైకిలుతో సహా అతన్ని పైకి లాగేశారు. చనిపోయేదాకా అతని పేరు 'మైల్-ఎ-మినిట్' మర్ఫీ.

చలికాలంలో జనం చూడటానికి కట్టిన సైకిలు మందిరాల్లో పేరుమోసింది పారిస్‌లో ఉండేది, వెలోడ్రోమ్ దివేర్. టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్ చొరవతో 1910లో తెరిచారు. పైన గాజు కప్పు, చెక్క ట్రాక్, ఆరు రోజులపాటు రాత్రీపగలూ సాగే పందేలు. 1942 జూలైలో పారిస్ పోలీసులు 13 వేల మంది యూదులను పట్టుకుని, వేలమందిని పిల్లలతో సహా ఆ భవనంలోనే కుక్కారు. సరిగా నీళ్లు లేవు, మరుగుదొడ్లు లేవు. అక్కణ్నుంచి శిబిరాలకు, చివరికి నాజీల ఆష్విట్జ్ శిబిరానికి పంపారు. ఫ్రాన్సులో ఇప్పుడు ఆ పేరు చెబితే ఎవరికీ సైకిళ్లు గుర్తురావు. 1959లో భవనాన్ని కూల్చేశారు.

ఇక ఇప్పటి మాట. 2016లో ఆస్ట్రేలియా రేసరు మాథ్యూ హేమన్ ఫిబ్రవరి నెలాఖరు పందెంలో పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. పారిస్-రూబే పందేనికి ఆరు వారాలు మాత్రమే ఉంది. ఇంట్లో గ్యారేజీలో సైకిలును ట్రైనరుకు బిగించి, కట్టుతోనే, తెర మీద జ్విఫ్ట్ అనే ఆట చూస్తూ తొక్కాడు. ఏప్రిల్ 10న గతుకురాళ్ల రోడ్ల మీద టామ్ బూనెన్‌ను ఓడించి పందెం గెలిచాడు. అప్పటికి 37 ఏళ్లు, ఆ పందెంలో తొక్కడం పదిహేనోసారి. ట్రైనరు కంపెనీలవాళ్లకు అంతకంటే ఏ ప్రకటన కావాలి!

2020 డిసెంబరులో ఇంట్లోనే తొక్కేవాళ్లకు మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టారు. మగవాళ్లలో గెలిచిన జేసన్ ఆస్‌బోర్న్ అసలు పడవ పందేల మనిషి. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో తెడ్డు వేసి వెండి పతకం తెచ్చాడు. మోసాలూ కొత్తరకంవే. బరువు తక్కువని రాస్తే తెరమీది బొమ్మ కొండ చకచకా ఎక్కేస్తుంది. బ్రిటన్ తొలి జాతీయ ఈ-రేసింగ్ విజేత 2019లో టైటిల్ పోగొట్టుకున్నాడు. ఆటలో వేగంగా పోయే సైకిలును సంపాదించడానికి కాళ్ల బదులు కంప్యూటరు ప్రోగ్రాముతో మైళ్లు తొక్కించాడని తేలింది.

ఇంట్లో తొక్కేవాళ్లకు ఒకే ఒక్క గట్టి సలహా: ఫ్యాను. బయట ఎదురుగాలి మోసుకుపోయే వేడి లోపల చుట్టూతానే నిలిచిపోతుంది. హ్యాండిల్ మీద తువ్వాలు కూడా పరవండి, లేకపోతే చెమట ఉప్పుకు బోల్టులు తుప్పు పడతాయి.

మనకు ఇదే సీజను

రాండొనేరింగ్ అని దూరప్రయాణాల సైకిలు సరదా ఒకటుంది. 200, 300, 400, 600 కిలోమీటర్లు, నిర్ణీత గంటల్లో పూర్తిచేయాలి. 200కు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు. బ్రెవేలనే ఈ ప్రయాణాల సంవత్సరం నవంబరు 1న మొదలవుతుంది. ఫిన్లాండ్‌వాళ్లు మేకుల టైర్లు వెతుక్కునే వేళకి హైదరాబాద్‌లోనూ మిగతాచోట్లా మనవాళ్లు బ్రెవేలకు పేర్లిస్తుంటారు. మే నెల ఎండలో 300 కిలోమీటర్లు తొక్కమంటే చచ్చినా తొక్కరు. మనకు చలికాలం సైకిలు ఆపాల్సిన కాలం కాదు, అటక మీంచి దించాల్సిన కాలం. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు దారికి సౌర పలకల కప్పు వేశారంటే, మన శత్రువెవరో కట్టినవాళ్లకు తెలుసు.

చలికాలంలో మన ఇబ్బంది చలి కాదు, పొగ. తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందని మనకో నమ్మకం. డిసెంబరు, జనవరిల్లో నగరాల్లో అది నిజం కాదు. రాత్రి నేల చల్లబడి, నేలకు ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా కిందే ఉండిపోతుంది. దానిపైన వెచ్చటి పొర మూతలా పడుతుంది. లారీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, చలిమంటలు, దుమ్ము, అన్నీ ఆ మూత కిందే. ఎండ ఎక్కి నేల వేడెక్కాకే మూత తెరుచుకుంటుంది. ఐదింటికి లేచి ఊపిరి బిగపట్టి తొక్కడం కన్నా ఎనిమిదింటికి ముగ్గులు చూసుకుంటూ తొక్కడం మేలు. ఉబ్బసం ఉన్నవాళ్లకైతే ఇది తప్పనిసరి. చల్లటి పొడిగాలి శ్వాసనాళాలను బిగించేస్తుంది, ముక్కు మీదికి పలచటి గుడ్డ కట్టుకుంటే కాస్త వెచ్చబడి లోపలికెళుతుంది.

పొగమంచు పడినరోజు హైవే మీద సైకిలు మాట తలపెట్టకండి. తప్పనప్పుడు వెనక ఎర్రలైటు పగలు కూడా వేసి ఉంచండి. చీలమండలకు మెరిసే పట్టీలు కట్టుకోండి. పైకీ కిందికీ ఆడే మెరుపును చూడగానే అది మనిషి అని డ్రైవరుకు తడుతుంది, కదలని లైటు మైలురాయిదో మనిషిదో తేల్చుకోవడానికి క్షణం పడుతుంది. డైనమో లైటు లేకపోతే పోలీసులు టైర్లలో గాలి తీసేసేవారని పెద్దవాళ్లు చెబుతుంటారు. బ్రెవేల్లో గాలి తీయరు గానీ, ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు, ఒంటి మీద మెరిసే కోటు లేకపోతే బయల్దేరనివ్వరు.